డీయా ఖాన్ చేసేది జర్నలిజమా, ద్వేషించే వాళ్ల ఎదుట కూర్చుని కబుర్లా?

ప్రెయిరీ_పంతులు
నిన్న రాత్రి డీయా ఖాన్ తీసిన 'వైట్ రైట్: మీటింగ్ ది ఎనిమీ' చూశాం. 2017లో వచ్చింది, మాకు ఇప్పటికి కుదిరింది. సగంలోనే మా ఆవిడ లేచి వెళ్లి గిన్నెలు తోముకుంది. నేను చివరిదాకా కూర్చున్నాను గానీ కడుపు రగిలిపోయింది.

తెలియని వాళ్ల కోసం: ఈవిడ నార్వేలో పుట్టింది. తండ్రిది పాకిస్తాన్, తల్లిది అఫ్ఘానిస్తాన్. ముస్లిం కుటుంబం. కెమెరా పట్టుకుని అమెరికా వచ్చి నియో నాజీల, అంటే హిట్లర్ దారిని నమ్మే ఈకాలపు తెల్లజాతివాదుల, వెంట తిరిగింది. వాళ్ల కార్లెక్కింది, వాళ్ల ఇళ్లలో కూర్చుంది, చార్లట్స్‌విల్ ఊళ్లో తెల్లజాతివాదుల ఊరేగింపు గొడవైన రోజున వాళ్ల మధ్యే ఉంది. నాలాంటి దాన్ని కూడా మీ దేశం నుంచి పంపించేస్తారా అని మెల్లగా, గొంతు పెంచకుండా అడుగుతుంది. వాళ్లు నీళ్లు నములుతారు. కొందరు మొహం మీదే అవునంటారు.

నేనుండేది కాన్సస్‌లో. 2017 ఫిబ్రవరి 22న ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపిన బార్ మాకు దూరమేమీ కాదు. మా దేశం నుంచి పొండి అని అరిచి మరీ కాల్చాడు వాడు. చేసిన పనిని వేరే ఊళ్లో బార్ అమ్మాయితో చెప్పుకుంటూ ఇద్దరు ఇరానీలను చంపానన్నాడు. మనవాళ్లెవరో కూడా వాడికి తెలియదు. ఆ తర్వాత బయట తెలుగులో మాట్లాడకండి అని మన సంఘాల వాళ్లే సలహాలిచ్చిన రోజులు గుర్తున్నాయా? అదే సంవత్సరం ఈ సినిమా.

ఇలాంటి వాళ్ల చిన్నప్పటి కష్టాలు, ఒంటరితనం మనమెందుకు వినాలి? ఇది జర్నలిజమా, వాళ్ల చేతికి ఉచితంగా మైకు ఇవ్వడమా? ఆవిడ సినిమా తీసుకుని వెళ్లిపోయింది. వాల్‌మార్ట్‌లో ఇంటికి ఫోన్ చేసేటప్పుడు చుట్టూ చూసుకునేది మనం.

ఒక్కలైను_ఓబయ్య
గిన్నెలు తోముకున్న మీ ఆవిడకే నా ఓటు.

రీలు_పిచ్చి
పంతులు గారూ, మీ కోపం అర్థమైంది. కానీ ఆ ఒక్క సినిమాతో ఆవిడ మీద తీర్పు చెప్పేస్తే ఎలా? వరసగా చూసుకుంటూ వస్తే వేరే మనిషి కనబడుతుంది.

పుట్టింది 1977లో, ఓస్లోలో. ఆవిడ జర్నలిజం చదవలేదు, ఏ న్యూస్‌రూమ్‌లోనూ ట్రైనీగా చేరలేదు. చిన్నప్పుడే తండ్రి బొమ్మలన్నీ తీసేసి సంగీతంలో పెట్టాడట. ఆటలు, సంగీతం, ఈ రెండింట్లోనే మన రంగు అడ్డు రాదని ఆయన నమ్మకం. పాటియాలా ఘరానా ఉస్తాద్ బడే ఫతే అలీ ఖాన్ దగ్గర నేర్చుకుంది. చిన్నపిల్లగా ఉండగానే నార్వే టీవీలో పాడింది. 1992లో మొదటి ఆల్బమ్. అప్పుడు స్టేజి పేరేంటో తెలుసా? దీపిక!

ఆడపిల్ల స్టేజి మీద పాడటమేంటని సొంత సమాజంలోని ఛాందసులే బెదిరించడం మొదలుపెట్టారు. బయట చూస్తే తెల్లజాతి ఛాందసులు. రెండు వైపులా తన్నులే. 17 ఏళ్లకి నార్వే వదిలి లండన్ వెళ్లిపోయింది. అక్కడా బెదిరింపులు ఆగలేదు. చివరికి పాటే వదిలేసింది. 2010లో ఫ్యూజ్ అని సొంత సంస్థ పెట్టింది. 2012లో మొదటి డాక్యుమెంటరీ. అంటే ముప్పై దాటాక కొత్త వృత్తి.

గుంటూరు_ఘాటు
మన నాన్నలు ఐఐటీ అంటారు, ఆయన హార్మోనియం అన్నాడు. పద్ధతి మాత్రం సేమ్.

నార్వే_నాయుడు
ఓస్లోలోనే ఉంటాను కాబట్టి రీలు_పిచ్చి చెప్పినదానికి కొంచెం కలుపుతాను. ఇక్కడి పాకిస్తానీలు 60ల చివర్లో, 70ల మొదట్లో ఫ్యాక్టరీ పనులకీ హోటల్ పనులకీ వచ్చినవాళ్లు. 1975లో నార్వే పనివాళ్ల వలసను ఆపేసింది. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఎక్కువగా భార్యలు, పిల్లలు, పెళ్లిళ్ల మీద వచ్చినవాళ్లు. చాలామందివి పంజాబ్‌లో ఖారియాన్ చుట్టుపక్కల పల్లెలే. ఒకే ఊరివాళ్లు ఇక్కడా ఒకే పేటలో చేరారు. అందుకే ఆ పిల్ల టీవీలో పాడితే మర్నాటికల్లా అందరి ఇళ్లలోనూ అదే మాట. ఊళ్లో చెల్లెమ్మ అనే వాళ్లకీ తెలుసు, అమ్మనాన్నలకి ఫోన్ చేసి తిట్టే వాళ్లకీ తెలుసు. మనలా వచ్చిన సాఫ్ట్‌వేర్ జనానికి ఈ పేట ఒత్తిడి అంతగా అనుభవంలోకి రాదు. మేం అపార్ట్‌మెంట్‌కొకళ్లం, సంక్రాంతికి హాలు అద్దెకి తీసుకుంటే కలుస్తాం.

నా ఆఫీసులో నలభైలు దాటిన నార్వేజియన్లకి ఆవిడ ఇప్పటికీ పాటలు పాడిన అమ్మాయే. తమ్ముడు ఆదిల్ ఖాన్ కూడా ఇక్కడ డాన్సర్‌గా, నటుడిగా బాగా పేరున్నవాడు.

ప్రెయిరీ_పంతులు
రెండు వైపులా దెబ్బలు తిన్న మనిషని ఒప్పుకున్నా. నా ప్రశ్న అది కాదు కదా. నాజీల ఇంటికి వెళ్లి కూర్చోవడం గురించి.

రాజమండ్రి_రోజ్‌మిల్క్
టాపిక్ ప్రవాస జర్నలిస్టుల మీదికి వచ్చింది కాబట్టి, మా ఊరి ఆడబిడ్డ ఉమా పెమ్మరాజును ఎవరూ తలచుకోకపోతే ఎలా? పుట్టింది రాజమండ్రిలో, పెరిగింది టెక్సస్ శాన్ ఆంటోనియోలో. 1996లో ఫాక్స్ న్యూస్ మొదలైనప్పుడు మొదటి యాంకర్లలో ఆవిడ ఒకరు. 2022లో పోయారు.

గుంటూరు_ఘాటు
వచ్చింది రాజమండ్రి బ్యాచ్. ఇక గోదావరి, పుష్కరాలు, పూతరేకులు అన్నీ వస్తాయి.

రాజమండ్రి_రోజ్‌మిల్క్
పూతరేకులు ఆత్రేయపురంవి. ముందు భూగోళం నేర్చుకో బాబూ.

మాజీ_విలేకరి
ఉమ గారిది యాంకర్ వృత్తి. స్టూడియో, జీతం, వెనకాల ఓ పెద్ద సంస్థ. డీయా ఖాన్‌ది దానికి పూర్తి తిరగబడిన దారి. దర్శకత్వం, నిర్మాణం, ఇంటర్వ్యూ అన్నీ తనే చూసుకుని, పూర్తయ్యాక ఛానల్‌లో చూపించే పని. రెండింటినీ ఒకే గాటన కట్టలేం.

పంతులు గారు అడిగినదానికి వస్తాను. నేను ఓ తెలుగు పేపర్లో జిల్లా కంట్రిబ్యూటర్‌గా చాలా ఏళ్లు పనిచేశా. లైన్ అకౌంట్ బతుకు, అచ్చయిన లైన్లకే డబ్బు. అప్పట్లో కూతురు వేరే కులం అబ్బాయితో వెళ్లిపోయిందని ఆ పిల్లను చావగొట్టిన తండ్రితో రెండు గంటలు మాట్లాడాను. బయటికొచ్చాక ఒళ్లంతా కంపరం. కానీ ఆయన చెప్పినది రాయకపోతే ఆ ఊళ్లో అది ఎలా జరిగిందో ఎవరికీ తెలియదు. ఎవరెవరు ఇంటికొచ్చి రెచ్చగొట్టారు, ఏ పెద్దమనిషి ఏమన్నాడు, పెళ్లి భోజనాలకి పిలవడం ఎప్పుడు మానేశారు, అన్నీ ఆయన నోట్లోంచే వచ్చాయి. డెస్క్ వాళ్లు దాన్ని కోసి కోసి నాలుగు లైన్ల క్రైమ్ వార్త చేశారు. అది వేరే ఏడుపు.

నేరం చేసినవాడితో మాట్లాడటం తప్పు కాదు. వాడు అబద్ధం చెప్పినప్పుడు ఎదురు ప్రశ్న వేశామా లేదా, దెబ్బ తిన్నవాళ్లకి ఎంత చోటిచ్చాం, ఇవి చూడాలి.

ఒక్కలైను_ఓబయ్య
మరి ఆ సినిమాలో దెబ్బ తిన్నవాళ్లెక్కడ?

రీలు_పిచ్చి
దెబ్బ తిన్నది ఆవిడే కదా అన్నా. ఆ సినిమా పుట్టిందే అలా. 2016లో బీబీసీ ఇంటర్వ్యూలో బ్రిటన్ ఇక ఎప్పటికీ పూర్తిగా తెల్లదేశం కాబోదు అన్న అర్థంలో మాట్లాడింది. అంతే, బూతులు, చంపుతామని మెయిళ్లు కుప్పలు తెప్పలు. వాటిని రాసేవాళ్లు మనుషులుగా ఎలా ఉంటారో చూద్దామని బయల్దేరింది. ఆ మెయిళ్లు సినిమాలో నాజీ నాయకుడికే చూపిస్తుంది. అప్పటిదాకా తత్వాలు చెప్పిన జెఫ్ షూప్ మొహం ఆ సీన్లో చూడాలి.

నీకు ఇంకా అనుమానముంటే మొదటి సినిమా చూడు, 'బనాజ్: ఎ లవ్ స్టోరీ'. దెబ్బ తిన్నవాళ్లకి చోటివ్వడం అంటే ఏంటో అందులో ఉంది.

సందేహాల_సుధ
నేను కాలేజీలో చూశాను. కొన్నాళ్లు నిద్ర పట్టలేదు.

బనాజ్ మహమూద్ అని లండన్‌లో ఉండే కుర్దిష్ అమ్మాయి, 20 ఏళ్లు. బలవంతపు పెళ్లి నుంచి బయటపడి తనకి నచ్చినవాడిని ప్రేమించింది. 2006 జనవరిలో తండ్రి, బాబాయి కలిసి చంపించారు. శవం బర్మింగ్‌హామ్‌లో ఓ ఇంటి పెరట్లో సూట్‌కేసులో దొరికింది. అసలు ఘోరం ఏంటంటే ఆ పిల్ల అంతకుముందే పోలీసుల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లింది. తనను చంపబోయేవాళ్ల పేర్లు కూడా ఇచ్చింది. ఓసారి తండ్రి ప్రయత్నం చేస్తే కిటికీ పగలగొట్టుకుని రక్తం కారుతూ పారిపోయింది. అప్పుడు వచ్చిన పోలీసావిడ, తాగి నాటకాలాడుతోంది అనుకుంది. పగిలిన కిటికీకి ఈ పిల్ల మీదే కేసు పెట్టాలా అని ఆలోచించింది.

సినిమాలో పోలీసుల వీడియోలో బనాజే మాట్లాడుతుంది. చనిపోయిన మనిషి తన చావు గురించి ముందే చెబుతున్నట్టు ఉంటుంది. అక్క బెఖాల్ తప్ప కుటుంబంలో ఆ పిల్ల తరఫున నోరు విప్పింది ఎవరూ లేరు. ఆవిడ కూడా మొహం కప్పుకునే మాట్లాడింది, దాక్కునే బతకాలి కాబట్టి.

నార్వే_నాయుడు
అందులో ఆ డిటెక్టివ్ ఆవిడ గురించి చెప్పలేదేంటి?

సందేహాల_సుధ
వస్తున్నా. కరోలైన్ గూడ్. ఆ కేసు చూసిన ఆఫీసర్. ఇద్దరు నిందితులు ఇరాక్ పారిపోతే వదల్లేదు. ఇరాక్ నుంచి బ్రిటన్‌కి నేరస్థుల్ని తెప్పించడం అదే మొదటిసారి. 2010లో వాళ్లకి శిక్ష పడింది. కన్నవాళ్లు చూపించని ప్రేమ ఆ పోలీసావిడ చూపించింది, అందుకే అది ప్రేమకథ అని పేరు. ప్రియుడి ప్రేమ కూడా ఉందనుకోండి, కానీ అతను కూడా ఆ దుఃఖంలోంచి తేరుకోలేక 2016లో పోయాడు.

గుంటూరు_ఘాటు
చదువుతుంటే మిర్యాలగూడ ప్రణయ్ గుర్తొచ్చాడు. 2018 సెప్టెంబర్ 14. ఆస్పత్రి బయట, గర్భంతో ఉన్న భార్య పక్కనే. సుపారీ ఇచ్చింది అమ్మాయి తండ్రి.

వరంగల్_వాసు
నల్గొండ కోర్టు తీర్పు 2025 మార్చిలో వచ్చింది. ఒకడికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం. తండ్రి 2020లోనే చనిపోయాడు. ఏడేళ్లలో మన దగ్గర ఎన్ని వీడియోలు వచ్చాయో లెక్కే లేదు, అన్నీ సీసీటీవీ క్లిప్ తిప్పి తిప్పి చూపించినవే. కేసు లోపలికి వెళ్లి, తండ్రి చుట్టూ ఉన్న మనుషులెవరు, డబ్బు ఎలా చేతులు మారింది అని ఓపిగ్గా తీసినది నాకైతే కనబడలేదు. కింద కామెంట్లలో ఆయన బాధ కూడా అర్థం చేసుకోవాలి అన్నవాళ్లు తక్కువమందా? చదివితే పిచ్చెక్కేది.

ప్రెయిరీ_పంతులు
వాసూ, సరిగ్గా అక్కడే నా గొడవ. "ఆయన బాధ కూడా అర్థం చేసుకోవాలి" అన్న మాటకీ, నాజీ బాల్యాన్ని వినాలి అన్న మాటకీ తేడా ఏంటి? మొదటిది చదివితే నీకు పిచ్చెక్కింది. రెండోది చూస్తే నాకు పిచ్చెక్కింది.

ఒక్కలైను_ఓబయ్య
పంతులు గారు సిక్సర్.

మాజీ_విలేకరి
తేడా ఉంది పంతులు గారూ. ఆ కామెంట్లు చేసేవాళ్లు సమర్థించడానికి అర్థం చేసుకోమంటారు. డీయా ఖాన్ బనాజ్ సినిమాలో తండ్రిని సమర్థించే పని ఒక్క నిమిషం కూడా చేయలేదు. 2015లో జిహాద్ మీద తీసింది, అందులో ఒకప్పుడు బ్రిటన్ కుర్రాళ్లని యుద్ధాలకి పంపిన అబూ మున్తసిర్ అనే ఆయన కూర్చుని ఏడుస్తాడు. ఏడ్చినంత మాత్రాన ఆవిడ క్షమించి పంపించేయదు. నువ్వు పంపినవాళ్ల సంగతేంటి అన్న ప్రశ్న తెర మీద అలాగే ఉంటుంది.

ఇంకోటి. ముందు తన సమాజంలోని రోగం మీద రెండు సినిమాలు తీసింది. ఆ తర్వాతే తెల్లవాళ్ల రోగం మీదికి వెళ్లింది. ఆ వరస చాలా ముఖ్యం. మన ఇంటి సంగతి తేల్చకుండా పక్కింటి మీద పడే రకం కాదు.

అట్లాంటా_అల్లుడు
నాకు మాత్రం పంతులు గారి ఆవిడలాగే చిరాకేసింది. ఇక్కడ అందరూ చెప్పనిది ఒకటుంది. సినిమా తర్వాత జెఫ్ షూప్ మారిపోయాడు, 2019లో ఆ నాజీ సంస్థ వదిలేశాడు, అంతా డీయా ఖాన్ మహిమ అని ప్రచారం. పూర్తి కథ చదవండి. చార్లట్స్‌విల్ బాధితులు 2017లోనే సివిల్ కేసు వేశారు, అందులో షూప్ కూడా ప్రతివాది. లాయర్ ఖర్చులు మెడ మీద కత్తిలా ఉన్నాయి. ఆ టైంలో సంస్థ అధ్యక్ష పదవిని జేమ్స్ స్టెర్న్ అనే నల్లజాతి ఉద్యమకారుడికి రాసిచ్చేశాడు!! ఆయనేమో కోర్టుకెళ్లి మేం నేరం ఒప్పుకుంటాం అన్నంత పని చేశాడు. షూప్ నన్ను మోసం చేశాడని లబోదిబోమన్నాడు. 2021 నవంబర్‌లో జ్యూరీ ప్రతివాదులందరి మీదా కలిపి 2.5 కోట్ల డాలర్లకు పైగా వేసింది. మారింది మనసా, లాయర్ బిల్లా?

గుంటూరు_ఘాటు
ఆగండాగండి. నాజీ పార్టీకి నల్లజాతి అధ్యక్షుడా? ఇది సినిమా కథలా ఉంది.

అట్లాంటా_అల్లుడు
నిజంగా జరిగింది. ఆ స్టెర్న్ 2019 అక్టోబర్‌లో చనిపోయాడు.

రీలు_పిచ్చి
అల్లుడు గారి పాయింట్ గట్టిదే. కానీ కెన్ పార్కర్ సంగతి చూడండి. ముందు నల్లవాళ్లని ద్వేషించే కు క్లక్స్ క్లాన్ ముఠాలో, తర్వాత నాజీల్లో ఉన్నవాడు. సినిమాలో మొదట్లో ఆవిడ మొహం మీదే ఘోరంగా మాట్లాడతాడు. తర్వాత వదిలేశాడు. అందులో డీయాతో గడిపిన కాలం ఉంది, వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ఉండే నల్లజాతి పాస్టర్ కూడా ఉన్నాడు. ఆ పాస్టర్ చేతులమీదుగానే బాప్తిస్మం తీసుకున్నాడు. ఆవిడ ఒక్కతే మార్చింది అని నేనూ అనను. ఆవిడేమీ చేయలేదు అనడం కూడా కుదరదు.

ప్రెయిరీ_పంతులు
అందరి ఇంటి పక్కనా పాస్టర్ ఉండడు కదా.

నెల్లూరు_నీలిమ
నా అనుభవం చెప్తా. వర్జీనియాలో మేముండే వీధిలో ఒకాయన ఇంటి ముందు కాన్ఫెడరేట్ జెండా, బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది రాష్ట్రాలది. ఏళ్ల తరబడి అటు చూడకుండా నడిచాం. ఓ మంచు తుఫానులో మా కారు ఇరుక్కుంటే ఆయనే పార తెచ్చి తవ్విపెట్టాడు. థాంక్స్ చెప్పి వచ్చాం. జెండా తీయలేదు. మేం దోస్తులమూ కాలేదు. మంచు తవ్వినంత మాత్రాన ఆ జెండా నాకు చేసే భయం తగ్గలేదు. ఆ భయం ఉన్నంత మాత్రాన ఆయన పార తేవడం అబద్ధం కాదు. నాకు ఈ సినిమా ఆ రెండూ పక్కపక్కనే చూపించింది, అందుకే నచ్చింది.

అడ్మిన్
పార్టీల పేర్లు, మన రాష్ట్రాల రాజకీయాలు తెచ్చిన రెండు పోస్టులు తీసేశాను. ఉమా పెమ్మరాజు కులం అడిగిన పోస్టు కూడా తీసేశాను. మీరు మారరు.

సందేహాల_సుధ
నాకు స్వార్థంతో కూడిన ప్రశ్న ఉంది. నేను ఇప్పుడు టెక్సస్‌లో డేటా సైన్స్ ఎమ్మెస్ చేస్తున్నా. నిజానికి చేయాలనుకున్నది డాక్యుమెంటరీ. డీయా ఖాన్‌లాంటి వాళ్లని చూస్తే ధైర్యం వస్తుంది, బ్యాంక్ లోన్ చూస్తే పోతుంది. ఇలాంటి వృత్తిలో అసలు డబ్బులెలా వస్తాయి? ఎవరైనా లోపలి సంగతి చెప్పండి ప్లీజ్.

ఒక్కలైను_ఓబయ్య
రావు.

రీలు_పిచ్చి
ఓబయ్యా, భయపెట్టకు. బ్రిటన్ సంగతి చెప్తా, తెలిసినంతలో. అక్కడ ఐటీవీ, బీబీసీ, ఛానల్ 4 లాంటివాటికి కరెంట్ అఫైర్స్ స్లాట్లు ఉంటాయి. బనాజ్, వైట్ రైట్, 2020లో వచ్చిన అబార్షన్ సినిమా, అన్నీ ఐటీవీలో 'ఎక్స్‌పోజర్' అనే స్లాట్‌లో వేసినవే. మామూలుగా నిర్మాత ఐడియా రాసి ఇస్తాడు, ఛానల్‌లో కమిషనింగ్ ఎడిటర్ ఒప్పుకుంటే డబ్బిస్తారు. 2003 చట్టం తర్వాత అక్కడ సినిమా హక్కులు ఎక్కువగా నిర్మాత దగ్గరే ఉంటాయి, వేరే దేశాలకి మళ్లీ అమ్ముకోవచ్చు. చిన్న సంస్థలు బతికేది ఆ రెండో అమ్మకంతోనే. ఫ్యూజ్ లాంటిది నిలబడిందంటే ఈ ఏర్పాటు కూడా ఒక కారణం. ధైర్యం ఒక్కటే కాదు.

ఆ అబార్షన్ సినిమాకి 2021లో బాఫ్టా, వైట్ రైట్‌కి 2018లో ఇంటర్నేషనల్ ఎమ్మీ. అవార్డు వచ్చాక తర్వాతి ఐడియాకి తలుపు తొందరగా తెరుస్తారు. మొదటి తలుపే కష్టం.

వరంగల్_వాసు
ఇండియాలో ఆ మొదటి తలుపు కూడా మూతబడుతోంది. ప్రభుత్వ డాక్యుమెంటరీ సంస్థ ఫిల్మ్స్ డివిజన్‌ని 2022లో జాతీయ సినిమా సంస్థ ఎన్ఎఫ్‌డీసీలో కలిపేశారు. దూరదర్శన్ కోసం డాక్యుమెంటరీలు తీయించే ట్రస్టు పీఎస్‌బీటీ చాలామంది కొత్తవాళ్లకి డబ్బిచ్చింది, అది కూడా మునుపటిలా లేదు. మిగిలింది కోల్‌కతాలో డాక్ఎడ్జ్ లాంటి పిచింగ్ వేదికలు (ఐడియా చెప్పి డబ్బు అడిగే చోట్లు), విదేశీ గ్రాంట్లు. అయినా తీసినవాళ్లు తీశారు. దీపా ధన్‌రాజ్ 1984 హైదరాబాద్ మతకల్లోలాల మీద 80ల్లోనే తీశారు, అప్పుడు ఏ స్ట్రీమింగ్ ఉంది?

మాజీ_విలేకరి
సుధా, నీకు డబ్బు కన్నా ముందు వీసా గురించి చెప్పాలమ్మా. విద్యార్థి వీసా ఎఫ్-1 మీద ఉండి ఫ్రీలాన్స్ డాక్యుమెంటరీ పని డబ్బుకి చేయలేవు. ఓపీటీ అనే పని అనుమతి నీ చదువుకి సంబంధించిన పనికే. ఉద్యోగ వీసా హెచ్-1బీ వస్తే ఆ కంపెనీ పనే. పక్కన కెమెరా పట్టుకుని సంపాదిస్తే ఇబ్బందుల్లో పడతావు.

ఈ చర్చలో ఎవరూ అనలేదు గానీ, నాకు డీయా ఖాన్ కెరీర్‌లో పెద్ద విషయం ఇదే అనిపిస్తుంది. ఆవిడ పుట్టింది నార్వేలో, చేతిలో నార్వే పాస్‌పోర్టు. ప్రవాసుల బిడ్డే, కానీ ప్రవాసి కాదు. చార్లట్స్‌విల్‌లో టియర్ గ్యాస్ మధ్య నిలబడి పొరపాటున అరెస్టయినా మహా అయితే ఓస్లో ఫ్లైట్ ఎక్కిస్తారు. అదే హెచ్-1బీ మీద ఉన్న తెలుగువాడు ఆ ఊరేగింపు పక్కన నిలబడతాడా? వీసా స్టాంపింగ్‌కి వెళ్తే ఏమవుతుందోనని ముందు అదే టెన్షన్. అందుకే మన తరం నుంచి ఇలాంటి సినిమాలు రావు. మన పిల్లల నుంచి వస్తాయి.

ప్రెయిరీ_పంతులు
ఇది మాత్రం ఒప్పుకుంటున్నా విలేకరి గారూ. గ్రీన్ కార్డ్ లైన్లో ఉన్నవాడికి ధైర్యం కూడా ప్రయారిటీ డేట్ వచ్చాకే. మా పెద్దవాడు ఇక్కడే పుట్టాడు, స్కూల్ పేపర్లో రాస్తుంటాడు. ఒలేతా ఘటన మీద రాస్తానంటే నేనే వద్దన్నాను. ఆలోచిస్తే, నేను వద్దన్నది వాడికేమన్నా అవుతుందని కాదు, నాకేమన్నా అవుతుందని.

అయినా సినిమా మీద నా అభిప్రాయం మారలేదు సుమా. శ్రీనివాస్ భార్య సునయన గారు ఆ తర్వాత ఫరెవర్ వెల్‌కమ్ అని సంస్థ పెట్టి వలస వచ్చినవాళ్ల గురించి మాట్లాడుతున్నారు. ఎవరైనా ఆవిడ పక్కన అంతసేపు కూర్చుని తీస్తే మా ఆవిడ కూడా చివరిదాకా చూస్తుంది.

అట్లాంటా_అల్లుడు
+1. కాల్చినవాడి బాల్యం కన్నా అది నాకు కావాలి. కాల్చినవాడికి 2018లో యావజ్జీవం పడింది, వాడి కథ అక్కడితో సరి.

నెల్లూరు_నీలిమ
ఆపడానికి లేచి బుల్లెట్ తిన్న ఇయాన్ గ్రిలట్‌ని కూడా కలపండి. అతనూ తెల్లవాడే.

రీలు_పిచ్చి
పంతులు గారూ, మీ అబ్బాయి రాయనివ్వండి. రాశాక ఇక్కడ లింక్ పెట్టండి.

సందేహాల_సుధ
విలేకరి అంకుల్, సంపాదన లేకుండా నేర్చుకోవచ్చు కదా? సెలవులకి హైదరాబాద్ వస్తున్నా. మా నానమ్మ బీడీలు చుట్టే రోజుల గురించి తీద్దామనుకుంటున్నా, ఆవిడది సిరిసిల్ల. అమ్మ మాత్రం పరువు తీయొద్దంటోంది.

మాజీ_విలేకరి
తియ్యి. అమ్మని కూడా కెమెరా ముందు కూర్చోబెట్టి ఎందుకు వద్దంటున్నావో చెప్పమను, సగం సినిమా అక్కడే ఉంది. నానమ్మ ఒప్పుకుందని ముందు కెమెరాలోనే చెప్పించు, కాగితం మీద వేలిముద్ర కూడా తీసుకో, తర్వాత ఎక్కడైనా చూపించాలంటే అడుగుతారు. నీ ఫోన్ కెమెరా సరిపోతుంది. కాలర్ మైక్ మాత్రం మంచిది పెట్టు. బొమ్మ మసగ్గా ఉన్నా చూస్తారు, మాట వినబడకపోతే ఎవరూ చూడరు.

సందేహాల_సుధ
మైక్ కొనాలా? ఎంతవుతుంది?

వరంగల్_వాసు
కొనకు. కృష్ణానగర్‌లో రోజువారీ అద్దెకిస్తారు. ఆధార్ కాపీ, అడ్వాన్స్ పట్టుకెళ్లు. బ్యాటరీలు ఇచ్చేముందు వాళ్ల ఎదుటే పెట్టి చూసుకో, లేకపోతే సిరిసిల్ల వెళ్లాక ఏడుస్తావు.